యంత్రంలో రోకలి పోటు
(సింగపూరులో ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సంగీతం గురించి ఓ పావుగంట మాట్లాడండి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేము త్యాగరాజస్వామినో అన్నమయ్యనో ఎత్తుకుంటామని ఆయన అనుకొని ఉంటారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కాగితం, కలం తీసుకొని కూర్చున్నాక మాత్రం వేరే సంగతి ఒకటి అడ్డుతగిలింది. మూడేళ్ళుగా మా మనసులో నలుగుతున్న సంగతి అది. పెద్దల సభలో చెప్పుకొంటే కొంత భారం దిగుతుందన్న ఆశతో దాన్నే ఈ పూట మీ ముందుంచుతున్నాం. కరెంటు వాద్యాల గురించి, వాటిలో దేశదేశాల పాటలను కలుపుతున్న బృందాల గురించి, మన పిల్లల గురించి చెప్పబోతున్నాం. పెద్దలు మొహం చిట్లించకుండా చివరిదాకా వినాలని ప్రార్థన.

ముందు జరిగిన కథ చెబుతాం. అది ఏ సంస్థ కార్యక్రమమూ కాదు. ఇరవై ముప్పై కుటుంబాలవాళ్ళం కలిసి, మేమున్న ఫ్లాట్ల సముదాయంలోని హాలు అద్దెకు తీసుకొని చేసుకున్న ఉగాది. పచ్చడి పంచాం, పంచాంగశ్రవణం అయింది, చిన్నపిల్లలు శ్లోకాలు చెప్పారు. ఆ తరువాత నలుగురు పెద్దపిల్లలు వేదిక ఎక్కారు. ఒక అమ్మాయి చేతిలో వీణ, ఒక అబ్బాయి ముందు కీబోర్డు, ఇంకొకడికి డప్పు. నాలుగో అబ్బాయి ఒళ్ళో వాద్యమేమీ లేదు. బల్లమీద ల్యాప్‌టాపు, దాని పక్కన వేళ్ళతో తట్టే చతురస్రపు బిళ్ళలున్న చిన్న పెట్టె. "మా పాట పేరు పోటు" అని తెలుగులో, కాస్త తడబడుతూ చెప్పి మొదలుపెట్టారు.

మొదట ధన్ ధన్ అని ఓ చప్పుడు. దానిమీద ఇంకో చప్పుడు. తరువాత స్పీకర్లలోంచి గుండెలదిరేలా బేస్. వీణ ఎక్కడో లోపలనుంచి వినిపిస్తోంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఇదేం గోల? ఉగాది నాడు డిస్కోనా?" అన్నారు ఎవరో. ఇంకొకాయన లేచి వచ్చి మా భుజం తట్టి, "కాస్త తగ్గించండి, బాగుండలేదు" అన్నారు. మా దగ్గరకే ఎందుకు వచ్చారంటే, ఆ పూట మిక్సరు దగ్గర కూర్చున్నది మేమే. మేము తగ్గించాం. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. ఇంకా తగ్గించాం. చివరికి ఆ మీటను పూర్తిగా కిందికి లాగేశాం. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీణ అమ్మాయి మాత్రం, మైకు లేని వీణను ఇంకో అరనిమిషం వాయించి ఆపింది.

అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ వెనక్కి తిరిగి గట్టిగా అడిగారు: "ఏం బాబూ, ఎందుకాపేశారు? రోకలి పోటు బాగానే పడుతోందిగా!"

ఆవిడ ఆ వీణ అమ్మాయి నాయనమ్మ. పాలకొల్లు దగ్గర ఒక పల్లెనుంచి కొడుకు దగ్గరకు నెల్లాళ్ళుండి పోదామని వచ్చారు. మేము గోల అనుకున్న ఆ ధన్ ధన్ శబ్దం ఏమిటో ఆ హాలులో తెలిసిన పెద్దమనిషి ఆవిడ ఒక్కరే. అంతకుముందు వేసవిలో ఆ అమ్మాయి ఊరికి వెళ్ళినప్పుడు, ఇంట్లో పెళ్ళికి పసుపు దంచుతూ నాయనమ్మ, ఇంకో ఇద్దరు ముత్తైదువలు దంపుళ్ళ పాట పాడారట. పిల్ల ఫోనులో రికార్డు చేసుకుంది. రోకలి పోటు, రోకలి లేచేటప్పుడు వినిపించే ఊపిరి, గాజుల చప్పుడు, పాట, అన్నీ. సింగపూరు వచ్చాక నలుగురూ కూర్చొని ఆ రోకలి పోట్లను ముక్కలు చేసి, పేర్చి, తాళంగా మార్చారు. నాయనమ్మ గొంతు నాలుగో నిమిషంలో రావలసి ఉంది. మేము మూడో నిమిషంలో ఆపేశాం.

ఇదీ జరిగింది. ఆ రోజు మేము ఏదో సర్దిచెప్పి తప్పించుకున్నాం. ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. మేము ఆపింది సంప్రదాయం కాని దాన్నా, సంప్రదాయాన్నేనా అన్న ప్రశ్న పట్టుకుంది. అప్పటినుంచీ ఈ కరెంటు సంగీతం గురించి విన్నవీ, చదివినవీ కొన్ని మీతో పంచుకుంటాం.

మొదటి మాట. కొత్త వాద్యం వచ్చినప్పుడల్లా మనవాళ్ళు ఉలిక్కిపడటం కొత్తకాదు. ఈనాడు కచేరీలో ఫిడేలు లేకపోతే మనకు వెలితిగా ఉంటుంది. ఆ ఫిడేలు యూరపునుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) దాన్ని నేర్చి మన సంగీతానికి మలచినవారిలో ప్రథములు. వాద్యం వాళ్ళది, కింద కూర్చొని, దాని తలను పాదంమీద ఆనించి, గమకం పలికించిన తీరు మనది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతుల్లో అది పరాయి వాద్యమని ఎవరన్నా అనగలిగారా?

హార్మోనియం సంగతి ఇంకా చిత్రం. మన పద్యనాటకం హార్మోనియం లేనిదే నడవదు. పద్యం ఎత్తుకున్న నటుడికి ఊపిరి తిప్పుకొనే వ్యవధి ఇచ్చేది ఆ పెట్టే. అలాంటి హార్మోనియాన్ని 1940లో ఆలిండియా రేడియో నిషేధించింది. మెట్లమీద స్వరాలు బిగించినట్టు ఉంటాయి, మెట్టుకూ మెట్టుకూ మధ్య జారడానికి వీలుండదు, గమకం పలకదు అన్నది అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. కాని రేడియోలో తలుపు మూసుకున్న ఆ కాలంలోనే ఊరూరా తెల్లవార్లూ హార్మోనియం మోగుతూనే ఉంది. మూడు దశాబ్దాల తరువాతగాని రేడియోవారు ఆ నిషేధాన్ని సడలించలేదు.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. ఈ సభలో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో తంబురా ఎన్నింట ఉంది? నూటికి తొంభై ఇళ్ళలో ఉన్నది కరెంటు శ్రుతిపెట్టె. ఈమధ్య అదికూడా పోయి ఫోనులో తంబురా. దాన్ని పూజగదిలో పెట్టుకొని సరళీస్వరాలు సాధన చేయిస్తున్నాం. అది యంత్రమని మనకు గుర్తే రాదు. ఎందుకు? అది మనకు తెలిసిన పని చేస్తోంది కనుక. యంత్రంమీద మనకు నిజంగా కోపం లేదన్నమాట. తెలియని పని చేసే యంత్రంమీదే కోపం.

రెండో మాట మన పాలకొల్లు గురించి. అది చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ జన్మించారు. మాండలిన్ శ్రీనివాస్‌గా లోకమంతా ఎరిగిన పేరు. తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను ఆరేళ్ళ వయసులో చేతబట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతులవారి శిష్యులు. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగమీద వెతికి పట్టుకునేవాడు. గాత్రం ఎలా వంగితే తీగ అలా వంగాలి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు.

ఇక్కడ వాద్యం సంగతి కొంచెం వివరించాలి. పాశ్చాత్యుల మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా నాలుగు వరసలు. మీటితే టింగుమని మోగి వెంటనే చచ్చిపోతుంది. అందుకే వాళ్ళు చేతిని గబగబా ఆడిస్తూ మీటుతుంటారు. మన రాగానికి అది చాలదు. ఒక్క మీటులో నాలుగు స్వరాలు జారాలంటే ధ్వని నిలవాలి. శ్రీనివాస్ జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, కరెంటు మాండలిన్‌ను చేపట్టారు. మీటిన స్వరాన్ని నిలిపి చూపినది విద్యుత్తే. మన గమకం కోసం మన పల్లెపిల్లవాడు విద్యుత్తును పనిలోకి పిలిచాడని మేమంటాం. ఇదేం వాద్యం, ఇదేం కచేరీ అని తొలినాళ్ళలో సందేహించినవారు ఉన్నారు. తోడిరాగం విన్నాక ఆ సందేహం ఎక్కడ నిలుస్తుంది?

ఆయన అక్కడితో ఆగలేదు. 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారు విద్వాంసునితో కలిసి డ్రీమ్ అనే రికార్డు చేశారు. ఈ బ్రూక్ ఒక చిత్రమైన గిటారు తయారుచేసుకున్న మనిషి. దానిమీద మీటిన స్వరం ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలుస్తుంది. అనంతమైన గిటారు అని అర్థం వచ్చే పేరే పెట్టాడు దానికి. స్వరం నిలవాలన్న కోరికతో ఒకడు పాలకొల్లునుంచి, ఒకడు కెనడానుంచి బయలుదేరి ఒకచోట కలిశారన్నమాట. ఆ రికార్డును వేసింది రియల్ వరల్డ్ అనే సంస్థ. పీటర్ గేబ్రియల్ అనే ఇంగ్లీషు గాయకుడు 1989లో స్థాపించినది. ఆ తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ నడిపిన రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్ చేరి దేశదేశాలు తిరిగారు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే, చెన్నైలో కన్నుమూశారు. శక్తి పేరుతో ఆ బృందం మళ్ళీ కూడి 2023లో వెలువరించిన రికార్డుకు 2024 ఫిబ్రవరిలో గ్రామీ బహుమతి వచ్చినప్పుడు, మాకు మొదట గుర్తొచ్చింది ఆ వేదికమీద లేని మన పాలకొల్లు మనిషే.

మూడో మాట మనమున్న ఈ ఊరి గురించి. సింగపూరులో నాలుగు అధికార భాషలు. పేటకో వంట, పేటకో వాయిద్యం. ఇలాంటి ఊళ్ళో కలగలుపు సంగీతం పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి. 1998 నుంచి కొన్నేళ్ళపాటు ఇక్కడి ఫోర్ట్ కానింగ్ కొండమీద వోమాడ్ అనే ప్రపంచ సంగీతోత్సవం జరిగింది. పచ్చికమీద చాపలు పరచుకొని పిల్లలతో కూర్చొని, ఆఫ్రికా ఢంకాలు ఒక పక్క, మధ్య ఆసియా తీగవాద్యాలు ఒక పక్క వినేవాళ్ళు జనం. 2002 అక్టోబరులో, దూరియను పండులాంటి కప్పులతో ఎస్ప్లనేడ్ కళాభవనం తెరిచారు. అక్కడ ఏటా జరిగే కళా ఉత్సవంలో మన నాట్యమూ సంగీతమూ నిండుగా ఉంటాయి.

ఈ ఊళ్ళోనే సా అనే బృందం ఒకటి ఉంది. పేరు వినగానే మన చెవికి షడ్జమం వినిపిస్తుంది కదా! చీనీ భాషలో ఆ మాటకు ముగ్గురు అని అర్థం. 2011లో ముగ్గురితో మొదలైంది. నటాలీ అలెగ్జాండ్రా త్సే గుజెంగ్ వాయిస్తుంది. అది మన స్వరమండలానికి దూరపు చుట్టంలాంటి తీగల పెట్టె. ఆండీ చియా దీజీ అనే వెదురు వేణువు వాయిస్తాడు. షెరిల్ ఓంగ్ చీనీ ఢంకాలు మోగించేది. ముగ్గురూ సంప్రదాయ వాద్యాలు చేతబట్టినవాళ్ళే. వాటి ధ్వనిని యంత్రాలగుండా పంపి కొత్త సంగీతం చేశారు.

ఆ యంత్రం పని ఏమిటో మావంటి తెలియనివాళ్ళకోసం చెబుతాం. వేణువు మీద నాలుగు స్వరాలు ఊది, పాదంతో ఒక మీట నొక్కుతారు. యంత్రం ఆ నాలుగు స్వరాలను పట్టుకొని మళ్ళీ మళ్ళీ వినిపిస్తూ ఉంటుంది. దానిమీద ఇంకో నాలుగు స్వరాలు ఊదుతారు. మీట నొక్కుతారు. అలా ఒక్క మనిషే పదిమంది అవుతాడు. మన భజనలో ముందు ఒకరు అంటే వెనక పదిమంది అందుకుంటారే, అలాంటిదే. ఇక్కడ వెనక అందుకునేవాడు కూడా తానే, ఒక క్షణం క్రితంవాడు. కనుక వాద్యం రానివాడికి ఈ యంత్రంతో సుఖం లేదు. మొదట ఊదిన స్వరం అపస్వరమైతే, యంత్రం ఆ అపస్వరాన్నే వందసార్లు వినిపిస్తుంది.

మనకంటే ముందే జపానువాళ్ళు ఈ దారిన నడిచారు. 1978లో టోక్యోలో ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అనే ముగ్గురి బృందం పుట్టింది: హొసోనో, సకమోటో, తకహాషి. తూర్పుదేశాల సంగీతమంటే ఇలా ఉంటుందని అమెరికావాళ్ళు ఊహించుకొని తయారుచేసిన బాణీని వీళ్ళు తీసుకొని, సింథసైజరుమీద వాయించి, తిరిగి అమెరికాకే పంపారు. మామీద మీరు కట్టిన పాటను మేమే పాడి వినిపిస్తాం చూడండి అన్నట్టు. అందులో ఉన్న కొంటెతనం మాకు భలే నచ్చింది.

ఇంతవరకూ మంచే చెప్పాం. వెనక వరసలో గుసగుసలాడినవాళ్ళ పక్షానికూడా చెప్పవలసింది ఉంది. వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు.

ప్రపంచ సంగీతం అన్న పేరు ఎక్కడ పుట్టిందో తెలుసా? 1987లో లండనులో కొందరు రికార్డుల వ్యాపారులు ఒక సారాయి అంగడిలో సమావేశమై, అంగట్లో ఏ అరలో పెట్టాలో తెలియని రికార్డులన్నింటికీ కలిపి ఒక పేరు పెట్టుకున్నారు. అమ్మకానికి పెట్టుకున్న అర పేరు అది. అరలోకి ఎవరి పాట వచ్చిందన్నది కొనేవాడికి అక్కరలేదు. అక్కడ మొదలైంది చిక్కు.

1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి ఎలక్ట్రానిక్ బృందం ఒక జోలపాటతో లోకమంతా మారుమోగింది. ఆ జోలపాట పాడింది సాలమన్ దీవుల్లో మలైటా ద్వీపవాసి, అఫునక్వా అనే స్త్రీ. 1970లో హ్యూగో జెంప్ అనే సంగీత శాస్త్రజ్ఞుడు ఆమె పాటను రికార్డు చేశాడు. తల్లిదండ్రులు లేని పసివాణ్ణి ఊరడించే పాట అది. ఫ్రెంచి బృందం ఆ గొంతును తీసుకొని, కింద యంత్రతాళం వేసి అమ్మింది. లక్షలాదిమంది విన్నారు. ఆఫ్రికా అడవిమనుషుల పాట అనుకొని విన్నవాళ్ళే ఎక్కువ. రికార్డు చేసిన శాస్త్రజ్ఞుడు అభ్యంతరం చెప్పాడు. అఫునక్వా పేరు మాత్రం ఆ రికార్డుమీద లేదు. 1998లో ఆమె చనిపోయింది.

మనకు దగ్గరగా తైవానులో ఇంకొకటి జరిగింది. అమీ అనే ఆదివాసి తెగకు చెందిన దిఫాంగ్ అనే రైతు, ఆయన భార్య పాడిన పాటను ఎనిగ్మా అనే బృందం తన పాటలో కలుపుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో ఆ పాట వాడారు. తన గొంతే అది అని ముసలాయనకు తెలిసేసరికి లోకమంతా వినేసింది. దావా వేశారు. 1999లో రాజీ కుదిరి, వాళ్ళ పేర్లకు గుర్తింపు దక్కింది.

ఈ రెండు కథల్లోనూ యంత్రం చేసిన పాపమేమీ లేదు. ఆ జోలపాటను లోకం ప్రేమించింది కూడా. పాపమంతా అడగకపోవడంలో, పేరు చెప్పకపోవడంలో ఉంది. మన తెలుగువాళ్ళం ఈ విషయంలో మరీ అమాయకులమేమీ కాదు. ఎంతమంది పల్లెపడుచుల పాటలు సినిమాలకెక్కి, జానపదం అన్న ఒక్క మాటతో సరిపుచ్చుకున్నాయో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ కొలబద్దతో మా ఉగాది రాత్రిని మళ్ళీ కొలిచి చూసుకున్నాం. ఆ నలుగురు పిల్లలు ఏం చేశారు? నాయనమ్మను అడిగారు. ఎలా పాడుతుందో రెండుసార్లు పాడించుకున్నారు. కట్టిన పాటను మొదట ఆవిడకే, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టి వినిపించారు. ఆవిడ విని, "పోటు తొందరగా పడుతోందే, ఇద్దరు దంచేటప్పుడు ఇంత తొందర కుదరదు, చేతులమీద పడుతుంది" అన్నారట. పిల్లలు వేగం తగ్గించారు. వాళ్ళు పంచిన చిన్న కాగితంమీద ఆవిడ పేరు, పక్కన పాడిన ఇద్దరి పేర్లు, ఊరి పేరు అచ్చు వేశారు. ఆ కాగితం మా జేబులోనే ఉంది, చదవలేదు. ఎవర్నీ అడగకుండా, పేరు చూడకుండా గొంతు నొక్కింది మేము. ఫ్రెంచివాళ్ళు కనీసం వినిపించారు.

మరో సంగతి కూడా తరువాత తెలిసింది. మృదంగం నేర్చుకున్న అబ్బాయి ఆ చతురస్రపు బిళ్ళలు తట్టడం ఎందుకు మొదలుపెట్టాడంటే, కింది అంతస్తువాళ్ళు చప్పుడని ఫిర్యాదు చేశారట. ఈ ఊళ్ళో పదిమందిలో సుమారు ఎనిమిదిమందిమి ప్రభుత్వ ఫ్లాట్లలోనే ఉంటున్నాం. గోడకవతల ఇంకో కుటుంబం. రాత్రి పది దాటాక మృదంగం వాయించే దారేది? చెవుల్లో పెట్టుకొని వాయించుకొనే వాద్యం ఇక్కడ విలాసం కాదు, అవసరం. వీధి అరుగులున్న ఊళ్ళో పెరిగిన మాకు ఆ సంగతి తట్టలేదు.

ఇక భాష. ఇక్కడి బడుల్లో మన పిల్లలు రెండో భాషగా హిందీనో, తమిళమో, చీనీయో తీసుకుంటారు. తమిళం కాక మరో అయిదు భారతీయ భాషలకు అవకాశం ఇచ్చారు. ఆ అయిదింటిలో తెలుగు లేదు. కనుక తెలుగు బతకవలసింది ఇంట్లో, ఇలాంటి వేదికలమీద, పాటలో. ఆ అమ్మాయికి దంపుళ్ళ పాటలో సగం మాటలకు అర్థం తెలియదట. పాట కట్టడానికని ఒక్కొక్క మాటా నాయనమ్మను అడిగి రాసుకుంది. కుందెన, చెరగడం, నేమడం, పొత్రం. ఈ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. మేము వారంవారం నడిపిన తెలుగు తరగతిలో ఆ పిల్లకు రెండేళ్ళలో నేర్పలేని మాటలు ల్యాప్‌టాపు నేర్పించింది. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ నాయనమ్మ ఆ ఏడే, సంక్రాంతికి ముందు, ఊళ్ళోనే పోయారు. పక్కన పాడిన ఇద్దరిలో ఒకరు అంతకు ముందే వెళ్ళిపోయారు. ఆ పాట పూర్తిగా వచ్చినవాళ్ళు ఆ ఇంట ఇంకెవరూ లేరు. ఉన్నది ఆ పిల్ల ఫోనులో రికార్డయిన పన్నెండు నిమిషాలు, వాళ్ళు కట్టిన ఆరు నిమిషాల పాట. మేము ఆ ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు పిల్ల ఏమీ అనలేదు. "వింటారా అంకుల్" అని మాత్రం అడిగింది. విన్నాం. నాలుగో నిమిషంలో బేస్ ఆగిపోతుంది. వీణ ఆగిపోతుంది. రోకలి ఒక్కటే పడుతూ ఉంటుంది. అప్పుడు ఆవిడ గొంతు వస్తుంది, కాస్త దగ్గుతో. శ్రుతిలో ఉందా అంటే పూర్తిగా లేదు. ఆ పిల్ల వీణను ఆవిడ శ్రుతికి దించుకుంది. యంత్రంతో నాయనమ్మ గొంతును సరిచేయడం దానికి ఒక క్షణం పని, చేయలేదు. ఎందుకమ్మా అంటే, "అది నాయనమ్మ శ్రుతి కదా" అంది.

పెద్దలారా, గురుకులమంటే ఏమిటో, సంప్రదాయమంటే ఏమిటో మేము చాలా సభల్లో మాట్లాడాం. ఆ ఒక్క మాటకంటే గొప్పగా చెప్పామని అనుకోము.

కనుక ఉత్తచేతులతో ఉపన్యాసం ముగించకుండా మూడు విన్నపాలు చేసుకుంటాం.

మొదటిది: వచ్చే ఉత్సవంనుంచి మన పిల్లల బృందాలకు ఇరవై నిమిషాలు కేటాయించాలి. భోజనాలకు లేచే వేళ కాదు, సభ నిండుగా ఉన్నప్పుడు. బాగుంటే చప్పట్లు కొడదాం. బాగుండకపోతే అయ్యాక పిలిచి చెబుదాం. మధ్యలో మీట లాగే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఈ నియమం ముందు మాకే వర్తించాలి.

రెండవది: పిల్లలకు మేము పెట్టే షరతు. ఎవరి గొంతు తీసుకున్నా ముందు అడగాలి. ఎవరి పాటో, ఏ ఊరిదో వేదికమీద చెప్పాలి. శ్రుతి మీద శ్రద్ధ ఉండాలి. స్పీకరు చప్పుడుతో అపస్వరం దాగదు. ఒక్క వాద్యమైనా, గాత్రమైనా గురువు దగ్గర కూర్చొని నేర్చుకొని ఉండాలి. శ్రీనివాస్ కరెంటు మాండలిన్ వెనక సుబ్బరాజుగారి గాత్రం ఉందని మరువరాదు.

మూడవది మనందరికీ. మన ఇళ్ళకు ఊరినుంచి అమ్మలు, అత్తలు, నాయనమ్మలు వస్తూ ఉంటారు. వాళ్ళను సెంతోసాకు తిప్పుతాం, సంతోషమే. ఒక మధ్యాహ్నం ఫోను ముందుపెట్టి వాళ్ళకు వచ్చిన పాటలన్నీ పాడించుకుందాం. దంపుళ్ళ పాటలు, విసుర్రాయి పాటలు, జోలలు, అప్పగింత పాటలు, ఏవి వస్తే అవి. గొంతు బాగాలేదని వాళ్ళు మొహమాటపడతారు; ఒకటికి రెండుసార్లు అడగాలి. పేరు, ఊరు, తేదీ చెప్పించి భద్రపరుద్దాం. ఆ తరువాత వాటిని పిల్లలు వీణమీద వాయిస్తారో, యంత్రంలో వేసి దంచుతారో వాళ్ళ ఇష్టం. దంచడానికి ముందు గింజలుండాలి కదా!

చివరిగా ఒక్క మాట. నేటి కార్యక్రమంలో, పెద్దల ఆశీర్వచనం తరువాత, ఆ నలుగురు పిల్లలూ మళ్ళీ వేదిక ఎక్కుతున్నారు. పాట పేరు పోటు. నిడివి ఆరు నిమిషాలు. పాడినవారి పేర్లు మీ చేతిలోని కాగితంమీద ఉన్నాయి. దయచేసి ముందే చదవండి. మిక్సరు దగ్గర మేమే కూర్చుంటామని అడిగాం. పిల్లలు ఒప్పుకున్నారు.